మా అత్తయ్య ప్రార్థన, నా కాపర్‌టీ

ఎనభైల మొదట్లో నేను దొడ్డబళ్ళాపురం సర్కారు ఆస్పత్రిలో నర్సుని. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఎడం కావాలంటే కాపర్‌టీ వేయించుకోండమ్మా అని మగ్గాల వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి చెప్పడం నా పని. చెప్పినదంతా గాలికి పోయేది. మగ్గం తొక్కితే అది పైకి పాకి గుండెకు గుచ్చుకుంటుందని ఎవరో పుట్టించారు. పుట్టించినవాళ్ల నోట్లో దుమ్ము పడ!

ఒకరోజు ముగ్గురు పిల్లల తల్లి, రక్తం లేక పాలిపోయిన మనిషి, మగ్గం దిగి వచ్చి నా ఎదుట నిలబడింది.

"సుమ్నే, ఊరికే చెప్తావు గానీ సిస్టరమ్మా, నువ్వు ఏయించుకోనుండావా?"

మా పాప పుట్టిన ఏడాదికే నేను వేయించుకున్నాను. ఆ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. యలహంకలో మా ఇంట్లో అత్తయ్య మనవడి కోసం ప్రతి శుక్రవారం సంఘంలోని ఆడవాళ్లను పిలిచి ప్రార్థన పెట్టించేది. నా కడుపు పండాలని వాళ్లు కన్నీళ్లతో వేడుకుంటుంటే నేను కళ్లు మూసుకుని ఆమెన్ అనేదాన్ని.

"వేయించుకున్నాను. నాలుగేళ్లయింది. నీ ముందే నిలబడి ఉన్నాను, చూసుకో," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "అట్లయితే నాకూ ఏసెయ్యప్పా," అంది. ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి తీసుకెళ్లి ఆమెకు వేసి పంపాను.

అదీ శుక్రవారమే. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు ఒళ్లు మండిపోతూనే ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషికి నిజం చెప్పి, నా ఇంట్లో నేను దొంగలా బతకాలా? ఎందుకు బతకాలి?

సాయంత్రం వసారా నిండా ఆడవాళ్లు. అత్తయ్య లేచి, "నా కోడలి గర్భం తెరవమని దేవుణ్ణి అడగండమ్మా," అంది. నేనూ లేచాను.

"దేవుడు మూయలేదు. నేనే వద్దనుకుని కాపర్‌టీ వేయించుకున్నాను. నాకు ఒక్క బిడ్డ చాలు."

పాటల పుస్తకాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా ఆయన గుమ్మంలో నిలబడి పైకప్పు చూస్తున్నాడు. అత్తయ్య మొహం కందగడ్డ అయింది.

"ఎంత పొగరే నీకు! రేపు పొద్దున్నే ఆస్పత్రికెళ్లి తీయించుకుని రా. లేదంటే నా గడప తొక్కకు."

భయం వేయలేదు. నవ్వొచ్చింది.

"ఆ ఆస్పత్రిలో వేసేదీ తీసేదీ నేనే అత్తయ్యా. నేను తీయను," అన్నాను.