మూడో పేజీలో మా తోట

ఎవరైనా ఫోన్లో "నూజివీడు రసాలు" అని కొడితే మొదట కనిపించేది మా తోటే. రెండు వేసవులు అలా గడిచాయి. మూడో వేసవికి మేం మూడో పేజీలో ఉన్నాం. మూడో పేజీ దాకా వెళ్ళి మామిడిపళ్ళు వెతుక్కునే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మమ్మల్ని అక్కడికి నెట్టిందెవరో నాకు తెలుసని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. సగమే తెలుసు. మిగతా సగం చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మాది ముసునూరు దగ్గర నాలుగెకరాల రసాల తోట. మా వైపు తోటలున్నవాళ్ళు చాలామంది కాయని అమ్మరు, పూతని అమ్ముతారు. చెట్లు పూతకొచ్చాయనగానే వ్యాపారి వస్తాడు, తోటంతా ఒకసారి తిరిగి, మెడ పైకెత్తి చూసి, ఒక రేటు చెబుతాడు. సరేనంటే ఆ రోజు నుంచి కాపంతా అతనిది. అతని కాపలా మనిషి మన తోటలోనే పాక వేసుకుంటాడు. నా చిన్నప్పుడు జ్వరం నుంచి లేచి మామిడిపండు కావాలని ఏడిస్తే, మా నాన్న తన సొంత చెట్టు కింద నిలబడి ఆ కాపలా మనిషిని ఒక్క పండు ఇమ్మని అడిగాడు. "షావుకారు గారిని అడిగి రండి" అన్నాడతను. నాన్న నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఆ రోజు నాన్న మీద వచ్చిన కోపం నాకు చాలాకాలం తగ్గలేదు. ఎవరి మీద రావాల్సిన కోపమో తెలిసే వయసు కాదు.

నాన్న పోయాక తోట తమ్ముడి చేతికి వచ్చింది. నేను అప్పటికి నూజివీడులో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ చెబుతున్నాను. ఇద్దరం కూర్చుని ఒకటే నిర్ణయించుకున్నాం. ఇక పూత మీద తోట ఇచ్చేది లేదు. కాయ మేమే దించుతాం, వరిగడ్డిలో మేమే మాగబెడతాం, అట్టపెట్టెల్లో సర్ది హనుమాన్ జంక్షన్‌లో పార్సిల్ వేస్తాం. మా చెట్టు కింద నిలబడి ఇంకొకరిని పండు అడిగే రోజు మళ్ళీ రాకూడదు. దానికి కొనేవాళ్ళు నేరుగా మాకే దొరకాలి, అందుకు వెబ్‌సైటు కావాలి.

సైటు నేనే చేశాను. చేయడానికి పెద్ద తెలివి అక్కర్లేదు కానీ, అందులో రాసినవి మాత్రం ఊరికే రాయలేదు. రసం పండుకి కత్తి తగలకూడదని, అరచేతుల మధ్య మెల్లగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి సొన చుక్క పిండేశాకే నోట్లో పెట్టుకోవాలని నాన్న చెప్పేవాడు. పండు తిన్న చేతిని వెంటనే కడిగేసుకుంటే ఆ పండుకి అవమానం అనేవాడు. అవన్నీ "మా నాన్నగారు" అని మొదలుపెట్టి రాశాను. పైన ఆయన ఫొటో పెట్టాను. తలకి తువ్వాలు, చేతిలో కాయలు దించే చిక్కం, ఎండకి సగం మూసిన కళ్ళు.

సెర్చ్‌లో పైకి రావడానికి మంత్రాలేమీ లేవు. నలుగురు మంచివాళ్ళు తమ సైట్లలో మన గురించి రాసి, ఇక్కడ నొక్కితే వాళ్ళ సైటు వస్తుందని లింకు ఇస్తే, సెర్చ్ వాళ్ళకి మన మీద నమ్మకం కుదురుతుంది. మా స్కూల్లోనే తెలుగు చెప్పే టీచరు గారికి వంటల సైటు ఒకటుంది. మామిడితాండ్ర గురించి రాస్తూ మొట్టమొదటి లింకు ఇచ్చింది ఆవిడే. తర్వాత హైదరాబాద్‌లో మా పళ్ళు తిన్న ఒక డాక్టరు గారు, నూజివీడు క్యాంపస్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు, మా చర్చి పేజీ. అంతే, వాళ్ళ మాట సాయంతోనే మొదటి స్థానానికి వచ్చాం.

వేసవిలో మొదట దించిన పళ్ళు తెచ్చి ప్రభువు బల్ల దగ్గర పెట్టడం మా చర్చిలో ఆనవాయితీ. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, పాడుకున్నవాళ్ళు పట్టుకెళతారు. ఆ రెండో వేసవిలో నేను గంప పెట్టి ఊరుకోలేదు, సాక్ష్యం చెప్పడానికి లేచాను. దేవుడు మా తోటని సెర్చ్‌లో మొదటి స్థానంలో నిలబెట్టాడని చెప్పాను. అక్కడితో కూర్చోవచ్చు కదా. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది! ఏ మాట కొడితే మేం వస్తామో, ఎందుకు వస్తామో, మంచి సైట్ల నుంచి లింకులొస్తే ఏమవుతుందో, చెడ్డ సైట్ల నుంచి వస్తే ఏం ప్రమాదమో, నల్లబల్ల ఒక్కటే తక్కువగా అంతా విడమరిచి చెప్పాను. ముందు వరసలో కూర్చుని "స్తోత్రం, స్తోత్రం" అంటూ విన్నది మా సంఘ పెద్ద. మా నాన్న దగ్గర ఏళ్ళ తరబడి పూత కొన్న షావుకారు కూడా ఆయనే. ఆ రోజు నా గంప ఆయనే పాడుకున్నారు.

"మంచి సంగతులు చెప్పావు టీచరమ్మా," అన్నారు గంప కారులో పెట్టించుకుంటూ. "మావాడికి కూడా చెప్పాలి ఇవన్నీ. వాడూ ఏదో సైటు పెడతానంటున్నాడు."

పొగడ్త కదా, పొంగిపోయాను.

మళ్ళీ పూతకాలం వచ్చింది. తమ్ముడు చెట్లకి మందు కొట్టిస్తుంటే నేను సైటు చూసుకుంటున్నాను. మనకి ఎవరెవరు లింకు ఇచ్చారో చూపించే పేజీ ఒకటి సెర్చ్ వాళ్ళు సైటు యజమానులకి ఇస్తారు. అన్నాళ్ళూ అందులో చిన్న జాబితా ఉండేది. ఆ ఉదయం చూస్తే కిందికి జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉంది. పేకాట సైట్లు, బెట్టింగు సైట్లు, నోటితో చెప్పలేని సైట్లు, ఏ దేశానివో తెలియని లిపులు. అన్నింట్లోనూ "నూజివీడు రసాలు" అనే మాటకి లింకు, నొక్కితే మా నాన్న ఫొటో. అది చాలదన్నట్టు, ఎప్పుడూ వినని పేర్లతో మా మీద రివ్యూలు. కార్బైడు పెట్టి మాగబెట్టారని ఒకరు, నిన్న వచ్చిన పెట్టెలో సగం పళ్ళు కుళ్ళాయని ఇంకొకరు. చెట్టు మీద ఇంకా పిందె కూడా కట్టలేదు, మా పళ్ళు అప్పుడే కుళ్ళిపోయాయి! ఒళ్ళు మండిపోయింది.

ఫిర్యాదు చేద్దామని పోలీస్ స్టేషన్‌కి వెళితే, అక్కడి ఉద్యోగి మర్యాదగానే కూర్చోబెట్టాడు. "ఏం పోయిందండీ?" అని అడిగాడు.

"ఇంకా ఏమీ పోలేదండీ. పోతుంది."

"మరి పోయాక రండి మేడమ్, రాసుకుంటాను," అన్నాడు. అతని తప్పేమీ లేదు. పోయేదేమిటో నేను చెప్పలేకపోయాను.

సాయంత్రం తమ్ముడికి చూపించాను. "ఏంటక్కా ఈ రోతంతా?" అన్నాడు.

"మనం చెడ్డవాళ్ళతో తిరుగుతున్నామని సెర్చ్ వాళ్ళని నమ్మించడానికి ఎవరో చేయించారు. నమ్మితే మనల్ని కిందికి తోసేస్తారు."

"తీసేయడానికి లేదా?"

"వాళ్ళ సైట్ల మీద మనకేం హక్కుంది? వీళ్ళతో మాకు సంబంధం లేదు, వీళ్ళ లింకులు లెక్కలోకి తీసుకోవద్దు అని ఒక జాబితా పంపొచ్చు. అంతే."

"బదనికలాంటిదన్నమాట," అన్నాడు తమ్ముడు.

పక్షి రెట్టలో వచ్చిన గింజతో మామిడి కొమ్మ మీద మొలిచి, ఆ చెట్టునే పీల్చుకుని బతికే మొక్క బదనిక. దాని వేరు కొమ్మ లోపలికి పాకి ఉంటుంది. "బదనిక దగ్గరే కోస్తే మళ్ళీ వస్తుందక్కా. మూరెడు కిందకి, మంచి కొమ్మతో సహా కొట్టేయాల్సిందే. మామిడే కదా, చిగురేస్తుంది," అన్నాడు. నాన్న కూడా అలాగే చేసేవాడు. నాలుగు మంచి ఆకుల మీద జాలిపడితే తోటంతా పోతుందనేవాడు. ఆ చెట్ల కింద పెరిగినవాళ్ళం, మాకు ఇంతకన్నా మంచి వైద్యం తోస్తుందా?

జాబితా పంపే పేజీ మీద హెచ్చరిక ఉంది. చెత్త లింకుల్ని చాలావరకు మేమే గుర్తుపట్టి వదిలేస్తాం, దీని అవసరం చాలామందికి ఉండదు, తప్పుగా వాడితే నష్టం మీకే అని. ప్రశ్నపత్రం మీద సూచనలు చదవలేదని పిల్లలచేత గోడకుర్చీ వేయించినదాన్ని నేను. హెచ్చరిక చదవకపోవడం కాదు, చదివాను. చదివి, మా కష్టం నీకేం తెలుసులే అనుకున్నాను. వేలల్లో ఉన్న పేర్లలో మంచీ చెడ్డా ఏరే ఓపిక లేదు, ఎవర్నీ నమ్మే మనసూ ఆ రోజు లేదు. మొత్తం జాబితా ఉన్నదున్నట్టు పంపేశాను. అందులో తెలుగు టీచరు గారి వంటల సైటు ఉందని తెలుసు. డాక్టరు గారిది, క్యాంపస్ పిల్లలది, చర్చిది ఉన్నాయని తెలుసు. పోతే పోనీ, చిగురేస్తుంది అనుకున్నాను. బటన్ నొక్కాక ప్రాణానికి హాయిగా కూడా అనిపించింది.

పిందె గోలీకాయంత అయ్యేసరికి రెండో పేజీకి జారాం. కాయ నిండేసరికి మూడో పేజీ. మొదటి స్థానంలో సంఘ పెద్ద వాళ్ళ కొత్త సైటు కూర్చుంది. దాన్ని నేను తెరవలేదు. నా చేత్తో వాళ్ళకి ఒక్క క్లిక్కు కూడా పడకూడదని పంతం పట్టాను.

ఫోన్ మోగడం మానేసింది. పాతవాళ్ళు కొందరు చేశారు కానీ, వాళ్ళలోనూ ఇద్దరు ముగ్గురు కార్బైడు సంగతి అడిగి పెట్టేశారు. రసం మన కష్టసుఖాలు చూసుకుని ఆగే పండు కాదు. చెట్టు మీద ఉంచితే రాలిపోతుంది, గడ్డిలో పెడితే వారంలో పండి కూర్చుంటుంది. మాగబెట్టిన గదిలో తీపి వాసన పోయి పులిసిన వాసన మొదలయ్యాక, లాప్‌టాప్ చంకన పెట్టుకుని తెలుగు టీచరు గారింటికి వెళ్ళాను. సైట్ల విషయంలో ఆవిడకి నాకంటే అనుభవం ఎక్కువ.

ఆవిడ కాఫీ ఇచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, నేను పంపిన జాబితా తెరిచారు. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగారు.

"నాది కూడా ఉందేంటండీ ఇందులో?"

బదనిక సంగతి చెప్పాను. కొమ్మతో సహా కొట్టేయడం గురించి చెప్పాను. నా నోటితో చెబుతుంటే నాకే అర్థమవుతోంది.

"ఆ బెట్టింగు సైట్లని వాళ్ళు ఎప్పుడో పక్కన పడేసి ఉంటారు టీచర్‌గారూ. నా సైటుకీ వచ్చాయి అలాంటివి, పట్టించుకోలేదు, ఏమీ అవలేదు. మీకున్న బలమల్లా మా నలుగురి లింకులే. వాటిని మీరే వద్దన్నారు." కళ్ళజోడు తీసి, "నాకొక్క ఫోన్ చేయకపోయారా?" అన్నారు.

ఆవిడా నేనూ ఏడేళ్ళు ఒకే స్టాఫ్‌రూములో ఒకరి క్యారేజీలోది ఒకరం తిన్నాం. అలాంటి మనిషిని పేకాట సైట్ల మధ్యలో నిలబెట్టి, ఈవిడతో మాకు సంబంధం లేదని రాసి పంపాను. ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడకుండా కూర్చుని ఆ జాబితాని వెనక్కి తీయించారు. "మళ్ళీ లెక్కలోకి రావడానికి నెలలు పట్టొచ్చండీ," అన్నారు. నెలలు ఎక్కడివి? కాయ చెట్టు మీద ఉంది.

మూడో రోజు సంఘ పెద్ద తోటకి వచ్చారు. నాకు చెప్పకుండా తమ్ముడే కబురు పెట్టాడు. నాన్న కాలంలో చూసినట్టే మెడ పైకెత్తి చూస్తున్నారు. నేను ఆగలేకపోయాను.

"మా సైటు మీద ఆ బురద చల్లించింది మీరే కదండీ?"

"నాకు ఫోన్లో మెసేజి పెట్టడమే సరిగా రాదు టీచరమ్మా," అన్నారాయన. "ఎవరేం చేశారో దేవుడు చూస్తాడు."

"అక్కా, ఊరుకో," అన్నాడు తమ్ముడు.

ఊరుకున్నాను. రుజువు నా దగ్గర లేదు. బురద ఎవరో చల్లారు, అది నిజం. ఆయనే చల్లించాడని నా కడుపులో మంట ఇప్పటికీ చెబుతుంది. కానీ ఆ బురద దానంతటదే ఎండి రాలిపోయేది. మంచి కొమ్మలు నరికింది మాత్రం నేను. ఆయన్ని తృప్తిగా ద్వేషించుకునే అదృష్టం కూడా నాకు లేకుండా పోయింది.

ఆ ఏటి కాయంతా ఆయన చెప్పిన రేటుకే ఇచ్చేశాం. తర్వాతి పూతకి తోట కూడా ఆయనకే వెళ్ళింది. తమ్ముడే సంతకం పెట్టాడు, వాడిని ఏమీ అనలేను. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం నా వరకు తెచ్చేది సంఘ పెద్దే. కళ్ళెత్తకుండా తీసుకుంటాను. మొన్న వేసవిలో నాకోసం నాలుగు పళ్ళు తెద్దామని తమ్ముడు తోటకి వెళితే, పాకలోంచి కొత్త కాపలా మనిషి లేచి "షావుకారు గారిని అడిగి రండి" అన్నాడట. తమ్ముడు నవ్వుతూ చెప్పాడు. నేను లోపలికి వెళ్ళి ఏడ్చాను.

అమ్మడానికి పళ్ళు లేకపోయినా సైటు తీసేయలేదు. "ఈ ఏడు పళ్ళు లేవు" అని ఒక ముక్క రాసి ఉంచాను. నాన్న ఫొటో ఉందని. లింకులు తిరిగి లెక్కలోకి వచ్చాయో లేదో తెలియదు కానీ, మేం మాత్రం మూడో పేజీ దాటి పైకి రాలేదు.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి ఎవరో ఆవిడ. చదువుకున్న గొంతు. పళ్ళు లేవండీ అని నేను చెప్పేలోపే అందుకుంది.

"పళ్ళకి కాదండీ. మూడో పేజీలో మీ సైటు కనబడింది. మొదట వచ్చే సైట్లోంచి రాతలన్నీ ఎత్తేశారేంటండీ? నేను వాళ్ళ దగ్గరే తెప్పించుకుంటాను, నాకు బాగా గుర్తు. కత్తి తగలకూడదని, సొన పిండాలని, ఒక్క అక్షరం మార్చలేదు మీరు. రాతలంటే పోనీలెండి. ఎవరో పెద్దాయన, తలకి తువ్వాలు కట్టుకుని ఉన్న ఆయన ఫొటో కూడానా? మనసెలా ఒప్పిందండీ మీకు?"

"ఆయన మా నాన్నగారండీ," అన్నాను.

"వాళ్ళ సైట్లో కూడా అలాగే రాసుందండీ," అంది ఆవిడ. "మా నాన్నగారు అని."