అరికాలి చుక్క

జనగామ ఆసుపత్రిలో, మూడు రోజుల నా పాప మాడుకు పెడదామని అమ్మ ఆముదం సీసా మూత తీసిందో లేదో, నేను తొర్రూరులో అమ్మమ్మ ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లనై గంతులు వేస్తున్నాను.

తమ్ముడు పుట్టిన ఎండాకాలం అది. పెరట్లో ఎండుతున్న మామిడి ఒరుగులు ఎత్తుకు తింటూ, బాలింత కాయం దొంగిలించి నోరు మండించుకుని, సాంబ్రాణి పొగలో దగ్గుతూ రోజంతా తొట్టెల చుట్టూ తిరిగేదాన్ని. అమ్మమ్మ దీపం మసితో తానే చేసిన కాటుకను దిష్టి తగలకుండా మనవడి అరికాలికి చుక్కగా పెట్టి, పాదమంతా ఆముదం దట్టించేది. "బంగారు కొండ, ఏడ్వనే ఏడ్వడు! లేపితేనే పాలు తాగుతడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోయేది.

మూడోనాడు, కాన్పు చేసిన డాక్టరమ్మ పంపగా నర్సు వచ్చింది. పుట్టుకతోనే థైరాయిడ్ తక్కువైతే పైకి తెలియదట. మందు ఆలస్యమైతే బుద్ధి ఎదగదట, అందుకే మడమ గుచ్చి అట్ట మీద రక్తం పట్టి పరీక్షకు పంపాలట. ఆమె మడమ తుడిచి, సూది విప్పడానికి అటు తిరగగానే అమ్మమ్మ నూనె చేత్తోనే గబుక్కున అక్కడే చుక్క మళ్లీ దిద్దింది. చూసింది నేనొక్కదాన్నే. నవ్వాపుకున్నాను గానీ చెప్పలేదు.

నాలుగు రోజులకు కబురొచ్చింది: అట్ట మీది రక్తంలో నూనె, మసి కలిశాయి, పరీక్షకు పనికిరాదు. ఏడుస్తూ అమ్మకు అంతా చెప్పేశాను. రెండోసారి నర్సు వచ్చేసరికి అమ్మమ్మ ఆ మడమను మూడుసార్లు సబ్బుతో కడిగి, "నా చేతులు పట్టుకో బిడ్డా, మల్ల దిద్దుతయేమో" అంది నాతో.

ఈసారి జబ్బు బయటపడింది. "ఏడ్వడని మురిస్తి, గదే రోగమాయె" అని అమ్మమ్మ కూలబడింది. ఆ రోజే మాత్ర నూరి తల్లిపాలలో కలిపి పట్టారు. కొన్నాళ్లకు ఒక పొద్దున వాడు వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చాడు! మేమంతా తొట్టెల దగ్గరికి ఉరికాం. అమ్మమ్మ గిన్నెడు చక్కెర తీసుకుని వాడకట్టంతా పంచింది.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, దీపం మసి కాటుకా లేదు. అంగట్లో కొన్న డబ్బా ఉంది. రోజూ పొద్దున్నే మాత్ర వేసుకునే తమ్ముడు ఆరడుగుల మనిషై, అదే పరీక్షకు నర్సు రాగానే అందరికంటే ముందొచ్చి పాప పాదం పట్టుకున్నాడు.

"అక్కా, చుక్క ఏ కాలికి పెట్టిన్రు?"

"ఎడమ కాలికిరా."

"గట్లయితే కుడికాలికి పొడువుండ్రి సిస్టర్."

పాప కెవ్వుమంది. వాడు కళ్లు తుడుచుకుంటూ జేబులోంచి చక్కెర పొట్లం తీశాడు.