అడుగు గిన్నె

ఆ స్టేషన్‌లో పనిచేసేవాళ్ళంతా ఆమెను జల్లెడక్క అనేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. భూమి కింద నడిచే రైళ్ళ స్టేషన్ అది. ప్రయాణికులు వచ్చే పెద్ద గేటు దగ్గర సంచుల్ని మింగి లోపలిదంతా తెర మీద చూపించే మిషన్ ఉంది. సిబ్బంది వచ్చే పక్క తలుపు దగ్గర మాత్రం రెక్సిన్ పరిచిన బల్ల, ఒక టార్చిలైటు, జల్లెడక్క చేతులు. పదకొండేళ్ళుగా అంతే. ఆ తలుపు దగ్గర తాను ఉండగా చీమ కూడా చెప్పకుండా లోపలికి పోదనేదే ఆమె పరువు.

ఆమెకి సంచుల చదువు చెప్పింది మొగుడే. ఆయన ఇంటి ముందుగదిలో కూర్చుని జిప్పులు వేస్తాడు, తెగిన పట్టీలు కుడతాడు. ఏ సంచికి అస్తరు రెండు పొరలుంటుందో, ఏ సంచికి అడుగున దొంగ అర ఉంటుందో పెళ్ళయిన కొత్తలోనే నేర్పాడు. కొత్త పెళ్ళాంతో చెప్పుకునే ముచ్చట్లా అవి అని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

ఒకసారి రెండో ప్లాట్‌ఫారం మీద బెంచీ కింద ఎవరూ లేని సంచి టిక్కు టిక్కుమంటూ కనిపించింది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. జనాన్ని మెట్ల దాకా తోలి, రైలు ఆపించి, బాంబు తనిఖీ వాళ్ళని పిలిపించింది. తీరా తెరిస్తే బాగుచేయించడానికి తీసుకెళుతున్న గోడ గడియారం. నెల్లాళ్ళు అందరూ టైమెంతక్కా అని అడిగి ఏడిపించారు. పేలలేదు కాబట్టి నవ్వుతున్నారు, పేలితే నవ్వేదెవరు అందామె. ఆ తర్వాత ఎవరూ టైము అడగలేదు.

అప్పుడు నవ్వనివాడు ఒక్కడే, ఇప్పటి సూపర్‌వైజరు. ఆరేళ్ళ కింద గార్డుగా చేరినప్పుడు అతనికి టార్చి ఎటు పట్టుకోవాలో తెలీదు. మనిషి మొహం కాదు, సంచి పట్టుకున్న చెయ్యి చూడాలని నేర్పింది జల్లెడక్కే. అతను నోరారా అక్కా అని పిలిచేవాడు. అతని భార్య నాలుగు గిన్నెల క్యారేజీ కట్టి పంపేది. అందులో అడుగు గిన్నె ఎప్పుడూ అక్కదే. ఏ కూరైనా ముందు ఆమె రుచి చూడాల్సిందే. పదోన్నతి వచ్చాక కూడా అతను తన గాజుగది వదిలి ఆమె బల్ల దగ్గరికొచ్చే తినేవాడు.

ఆ తలుపు దగ్గర ఒక మర్యాద ఉండేది. సిబ్బంది క్యారేజీల్లో పై గిన్నె మూత మాత్రమే తీసేవాళ్ళు. ఎప్పుడో ఊడ్చే ముసలావిడ ఒకామె, తన కింది గిన్నెలో వట్టి మజ్జిగ నీళ్ళే ఉన్నాయని పదిమందిలో బయటపడేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆనాటి నుంచి జల్లెడక్క ఎవరి కింది గిన్నెలూ తెరవలేదు.

ఈమధ్య పైఆఫీసు నుంచి ఆర్డరొచ్చింది. స్టేషన్‌కి ఎక్కడెక్కడి నుంచి ముప్పు రావచ్చో, దాన్నెలా తగ్గించాలో రాసి పంపమని. సూపర్‌వైజరు రెండు రోజులు తల పట్టుకుని, భోజనాల దగ్గర అక్కనే అడిగాడు. ఆమె దాచుకోలేదు.

"పెద్ద గేటుకి కాదు, ముందు నా తలుపుకే చిల్లుందిరా. పై గిన్నె తప్ప చూడం కదా. నా అంతట నేను తెరిస్తే తిట్టుకుంటారు. ఆఫీసు కాగితం అంటిస్తే ఎవరికీ నిష్ఠూరం ఉండదు. అది రాయి."

అతను రాసుకున్నాడు. అడుగు గిన్నె ఆమె ముందుకి జరిపాడు.

పదిహేను రోజులకి, ఆ కాగితం ఇంకా రాకముందే, పైఆఫీసు తనిఖీ అధికారులు వచ్చారు. ఆ పొద్దున సూపర్‌వైజరు ఎప్పటిలాగే క్యారేజీ బల్ల మీద పెట్టాడు. ఆమె పై మూత తీసింది, పెట్టింది. ఇవాళ కూరేంటని అడిగితే మధ్యాహ్నం చూద్దువుగా అన్నాడు. చెయ్యి చూడమని నేర్పిన మనిషి, ఆ రోజు తమ్ముడి చెయ్యి చూడలేదు.

మధ్యాహ్నం గాజుగదికి పిలిచారు. అధికారి ఆమె ముందే గిన్నెలు విడదీశాడు. అడుగు గిన్నెలో కూర లేదు. మైనపు ముద్ద, రెండు వైర్లు, 'పరీక్ష' అని రాసిన ఎర్ర చీటీ. రిపోర్టులో రెండు మాటలున్నాయి. క్యారేజీలన్నీ పూర్తిగా తెరవాలన్న సూచన సూపర్‌వైజరుది. పక్క తలుపు గార్డుది నిర్లక్ష్యం. అతనికి నాలుగు స్టేషన్ల మీద అజమాయిషీ, ఆమెకి సోమవారం నుంచి పోయిన వస్తువుల గది.

మెట్ల దగ్గర అతను వెనకే వచ్చాడు.

"నీ మీద కాదక్కా, పద్ధతి మీద పరీక్ష పెట్టారు."

"కాగితం మీద పద్ధతి పేరు లేదు నాయనా. నా పేరుంది."

ఇంటికెళ్ళి చెబితే మొగుడు సూదిలో దారం ఎక్కించి ముడి వేశాడు. వాడి సంచికి నేను వేసిన జిప్పు ఇంకా ఊడలేదే, మనిషి అప్పుడే ఊడాడా అన్నాడు.

శనివారం తలుపు దగ్గర ఆమెకి ఆఖరి రోజు. గోడకి కొత్త కాగితం అంటించారు, అన్ని గిన్నెలూ తెరవాలని. సూపర్‌వైజరు క్యారేజీ పెట్టాడు. ఆమె పై గిన్నె తెరిచింది, రెండోది తెరిచింది, మూడోది కూడా. వెనక వరస మెట్ల దాకా పెరిగింది.

"అక్కా, నేనే కదా," అన్నాడతను మెల్లగా.

"ఎవరైనా సరే సార్. అలాగే రాశారు."

అడుగు గిన్నెలో కూరుంది. టార్చి వేసి చూసి, మూత పెట్టి, ముందుకి తోసింది. మధ్యాహ్నం అతను రాలేదు, గిన్నె మాత్రం ఎవరి చేతో పంపాడు. ఆమె ఆ కూర ఊడ్చేవాళ్ళకి పెట్టేసి, గిన్నె తోమి ఆరబెట్టింది.

సోమవారం కొత్త గదిలో ఆమె పుస్తకంలో రాసిన మొదటి వస్తువు అదే. స్టీలు గిన్నె ఒకటి, మూతతో సహా. గొడుగుల పక్కన పెట్టింది. సంతకం పెట్టి తీసుకెళ్ళాలి. సూపర్‌వైజరు ఆ దారిన వారానికి రెండుసార్లు తనిఖీకి వెళుతూనే ఉన్నాడు, ఇంతవరకు గిన్నె అడగలేదు.