కారుకు కింది పెదవి

మా అక్క పెద్ద కూతురికి కుప్పంలో చెవులు కుట్టిస్తున్న సమయానికి నేను పలమనేరు దాటాక రోడ్డు పక్కన నిలబడి ఉన్నాను. నా కారు బానెట్ లోంచి ఆవిరి వస్తోంది. మేనమామ ఒళ్లో కూర్చోవలసిన పిల్లను మా పిన్ని కొడుకు ఒళ్లో కూర్చోబెట్టి పని కానిచ్చేశారు. ఆ తర్వాత మా అక్క నాతో మాట్లాడడం మానలేదు గానీ నవ్వడం మానేసింది. "తిన్నావా? అమ్మ బాగుండాదా?" అని అడిగి ఫోను పెట్టేసేది. నాలుగేళ్లు ఇలాగే నడిచింది.

పోయిన ఉలవ కోతలప్పుడు రెండో పిల్లకు ముహూర్తం పెట్టారు. ఆదివారం, పది నుంచి పదిన్నర లోపల. అక్క ఫోన్ చేసి, "ఈసారి నీ ఒళ్లోనే కుట్టించాల. రాకపోతే ఇంగ ఎప్పటికీ రావద్దులే" అంది. కోపంగా అని ఉంటే నాకు భయం వేసేది కాదు. మామూలుగా అంది.

బుద్ధున్నవాడైతే కారు బాగు చేయించుకుని ఊరుకుంటాడు. నేనూ బాగు చేయించాను, కొత్త రేడియేటర్ వేయించాను. అక్కడితో ఆగలేదు. నాలుగేళ్ల కిందట, నేను ఆలస్యంగా చేరుకున్న ఆ రోజు, మా బావ నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది కారు గాదప్పా, చక్రాలు పెట్టిన బీరువా" అన్నాడు. పందిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ మాట నాకు చేప ముల్లులా గొంతులో ఉండిపోయింది. ఈసారి సమయానికి వెళ్లడమే కాదు, బీరువా కాని కారులో వెళ్లాలి. అందుకని ఆన్‌లైన్‌లో స్ప్లిటర్ తెప్పించాను.

స్ప్లిటర్ అంటే ముందు బంపర్ కింద, నేలకు బెత్తెడు ఎత్తులో తగిలించే నల్లటి ప్లాస్టిక్ పలక. రేసు కార్లకు ఉంటుంది. గాలిని చీల్చి కారును రోడ్డుకు అదిమి పెడుతుంది. నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కాబట్టి ఈ సంగతి మా అమ్మకు బొమ్మ గీసి మరీ వివరించాను. అమ్మ బొమ్మ వైపు చూడలేదు. పలకనే చూసింది.

"కారుకు కింది పెదవి మాదిరి ఉండాది. అలిగినట్ల ఉంటాదేమో రా" అంది.

శనివారం పరీక్షల డ్యూటీ ముగించుకుని మదనపల్లె నుంచి పుంగనూరులో మా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. పెట్టెలో మూడు ముక్కల పలక, స్క్రూలు, ఒక కాగితం. కాగితం మీద బొమ్మలు తప్ప మాటల్లేవు. పలక పై అంచుకు రెండు వైపులా అంటుకునే టేపు ఉంది. ఆ టేపే అసలు పట్టు, స్క్రూలు దానికి తోడు. బంపర్ శుభ్రంగా తుడిచాను. తెలివిగా టేపు మీది ఎర్ర కాగితం ముందే ఒలిచేసి, ముక్కల్ని అరుగు మీద వరసగా పెట్టి, డ్రిల్లింగ్ మిషను కోసం పక్కింటికి వెళ్లాను.

పక్కింటి భాయ్ వడ్రంగి. మిషను చేతికిస్తూ, "నేను వచ్చి వేస్తా సార్, పది నిమిషాల పని" అన్నాడు.

"నేను ఫిజిక్స్ చదివినోణ్ణి భాయ్."

"ఫిజిక్స్ సరే సార్. స్పీడ్ బ్రేకర్లు యాడికి పోతాయి?"

ఆ ప్రశ్న వినపడనట్టు మిషను తీసుకుని వచ్చేశాను.

వచ్చేసరికి అరుగు మీద పలకలు పచ్చగా మెరుస్తున్నాయి. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదీ పసుపు పెట్టకుండా వాడరు. మిక్సీకి పెట్టారు, నా సెల్‌ఫోనుకు కూడా పెట్టారు. ప్రయాణం కదా అని అమ్మ ఈసారి కాస్త ధారాళంగా, తడి పసుపు గిన్నెడు కలిపి, చక్కగా నున్నగా ఉందని ఆ టేపు పొడవునా పూసేసింది.

"అమ్మా, అది బంక."

"బంక అయితే ఏమి? దేవుడికి తెలీదా?"

నాకు అరవాలనిపించింది. కానీ ఆమె పసుపు చేతులతో నిలబడి, ఈసారైనా నేను క్షేమంగా కుప్పం చేరాలని మొక్కుకుంటోంది. ఏమని అరుస్తాను? తుడిచాను. తుడిచిన కొద్దీ పసుపు ఇంకా లోపలికి పట్టింది. టేపు ఇక దేనికీ అంటలేదు, నా చొక్కాకు తప్ప.

ఇక స్క్రూలే దిక్కు. బొమ్మ ప్రకారం వాటిని కింద నుంచి వేయాలి. గోనెపట్ట పరుచుకుని కారు కింద దూరాను. తల దూరింది, భుజాలు దూరాయి, పొట్ట దూరలేదు. మా ఆవిడ కాళ్లు పట్టి బయటకు లాగింది.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నేను బంపర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, మూడు ముక్కల్నీ ఒకటిగా తగిలించి, ఎదురుగా కనపడేట్టు నాలుగు బెజ్జాలు వేసి, నాలుగు స్క్రూలు బిగించాను. గోడ మీది నుంచి చూస్తున్న భాయ్, "కారు మొహానికి బెజ్జాలు పెడతాండావు సార్" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. అమ్మ వచ్చి ప్రతి స్క్రూ మీదా ఒక పసుపు బొట్టు పెట్టింది. కొంచెం దూరం వెళ్లి చూసుకున్నాను. కారు అలిగినట్టే ఉంది. అయినా నాకు అందంగానే కనిపించింది.

ఆదివారం పొద్దున ఏడింటికే బయలుదేరాం. ఊరు దాటే లోపలే మొదటి స్పీడ్ బ్రేకర్ మీద కింది పెదవి గర్రుమని గీసుకుంది. బరువు తగ్గిస్తే కారు కాస్త పైకి లేస్తుందని ఫిజిక్స్ చెప్పాను. అప్పటి నుంచి స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా అమ్మ, మా ఆవిడ పట్టుచీరలతో దిగి, నడిచి దాటి, మళ్లీ ఎక్కారు. మన రోడ్ల మీద ఊరూరికీ స్పీడ్ బ్రేకర్ ఉంటుంది. కొన్ని ఊళ్లకు మూడుంటాయి. ఒక టీ అంగడి దగ్గర, "పాపం, ఆడోళ్లను యాల దింపుతాండాడు?" అని ఎవరో అడిగితే, "మొక్కుబడేమోలే" అని ఇంకొకరు చెప్పారు.

వెంకటగిరికోట దాటేసరికి తొమ్మిదిన్నర అయింది. ఇంకా ముప్పావుగంట దారి. కాస్త గట్టిగా తొక్కాను. అప్పుడు వచ్చాయి ఉలవలు.

కోతల కాలంలో కోసిన ఉలవ పైరును తారురోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. మనం తొక్కుకుంటూ పోవడమే, అదొక ఉపకారం. అలవాటుగా నేనూ పోనిచ్చాను. కానీ నా కారు తొక్కలేదు, ఊడ్చింది. కింది పెదవి ముందు ఉలవ పైరు పోగైంది, పోగు కుప్పైంది, కుప్ప అద్దానికి అడ్డం వచ్చింది. కారు ఆగిపోయింది. అద్దంలో వెనక్కి చూస్తే రోడ్డు పెళ్లికి ఊడ్చిన వాకిలిలా ఉంది.

తలపాగా చుట్టుకున్న ఒక పెద్దామె మెల్లగా నడిచి వచ్చింది.

"ఏమప్పా, నా ఉలవలు యాడికి తీసకపోతాండావు?"

క్షమాపణ చెప్పాను. ఆమె కుప్ప చుట్టూ తిరిగి చూసింది.

"మేము ఇద్దరం సాయంత్రం దాకా ఊడ్సాల దీన్ని. బలే సేసినావే. ఆ పక్క కూడా ఒగసారి వచ్చిపో."

"ముహూర్తం పోతాది వదినా, మేనమామ వీడు" అని అమ్మ లోపలి నుంచి బతిమాలింది. ఒళ్లో పిల్లకు చేయించిన బంగారు కమ్మల పొట్లం గట్టిగా పట్టుకుని ఉంది.

కారు కాస్త వెనక్కి తీసి, దిగి చూశాను. రెండు స్క్రూలు ఊడిపోయి పలక ఒక పక్క నేలకు ఆనింది. స్క్రూడ్రైవర్ ఇంట్లో ఉంది. నా పనితనం మీద నాకు అంత నమ్మకం. టైము పదికి పది నిమిషాలు తక్కువ. అక్క గొంతు గుర్తొచ్చింది, ఆ మామూలు గొంతు. బావా లేదు, బీరువా లేదు. కాలెత్తి తన్నాను. రెండో తన్నుకు కింది పెదవి మొత్తం ఊడి ఉలవల్లో పడింది.

"అది నీకు వద్దా?" అంది పెద్దామె. వద్దన్నాను. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని గింజల్ని ఒకసారి తోసి చూసుకుంది. మేము కదిలేటప్పటికి ఆ పక్క వరస కూడా కుప్ప చేస్తోంది. గాలిని చీల్చలేదు గానీ, ఆ పలక చేసిన ఒకే ఒక మంచి పని అదే.

ఆ తర్వాత స్పీడ్ బ్రేకర్లకు ఎవర్నీ దింపలేదు. పది ఇరవై ఆరుకు పందిట్లోకి పరిగెత్తాను. చెవులు కుట్టే ఆచారి బంగారు తీగ పట్టుకుని వాకిలి వైపే చూస్తున్నాడు. పీట మీద కూర్చోగానే అక్క పిల్లను నా ఒళ్లో వేసింది. పిల్ల నన్ను చూసి ఏడ్చింది, కుడుతుంటే ఇంకా ఏడ్చింది, నా బొటనవేలు కొరికింది. వేడి వేడిగా, బరువుగా, నా ఒళ్లోనే ఉంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొరికినందుకే అని అందరితో చెప్పాను. అక్క పిల్ల చెవులకు పసుపు అద్ది, నా జుట్టులోంచి ఒక ఉలవకాయ తీసి చూసి పారేసింది.

ఇంతలో బావ కారు చూడడానికి బయటికి వెళ్లాడు. వచ్చి, ఆచారి పక్కన నిలబడి, అందరికీ వినపడేట్టు అన్నాడు.

"ఏమప్పా, పిల్ల కంటే ముందు నీ కారుకు కుట్టించుకోని వచ్చినావే. నాలుగు బెజ్జాలు, పసుపు కూడా అద్దినారు. దాన్ని ఎవురి ఒళ్లో కూర్సోబెట్టినారు?"

పందిరంతా నవ్వింది. నేను అక్క వైపు చూశాను. మా అక్క పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, స్తంభం పట్టుకుని నవ్వుతోంది.

బంపర్ మార్పించమని మా ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది. నేను మార్పించలేదు. అక్క ఫోన్ చేసినప్పుడు ముందుగా అమ్మ ఎలా ఉందని అడగదిప్పుడు. "నీ కారు చెవులు మానినాయా?" అని అడుగుతుంది. ఇంకా మానలేదని చెబుతాను.