నాచక్క పెట్టని సంతకం

ఆమె చేతులు ఎప్పుడు చూసినా మోచేతుల దాకా పచ్చగానే ఉంటాయి. సబ్బుతో తోమినా, ఇటుకపొడితో రుద్దినా గోళ్ళ సందుల్లోంచి ఆ రంగు వదలదు. నాచు పెంచే కంపెనీలో పద్నాలుగేళ్ళుగా తొట్ల దగ్గర పని మరి. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితాలకే మిగిలిపోయి, లోకానికంతటికీ ఆమె నాచక్క అయి కూర్చుంది. ఆఖరికి అత్తగారు కూడా పక్కింటావిడతో "మా నాచక్క ఇంకా రాలేదమ్మా" అనే దాకా వచ్చింది వ్యవహారం.

నాచు పెంచడమేమిటి, కడగని బకెట్టులో దానంతటదే పెరుగుతుంది కదా అంటారు తెలియనివాళ్ళు. ఇది ఆ నాచు కాదు. విడిగా ఒక్కొక్కటీ కంటికి ఆనని పచ్చటి గుండ్రటి చుక్కలు. పొడవాటి సిమెంటు తొట్లలో నీళ్ళు నింపి, ఎరువు కలిపి, చక్రంతో కదుపుతూ ఎండ తగలనిస్తే ఆ చుక్కలు లక్షలు కోట్లయి నీళ్ళు సిరాలా చిక్కబడతాయి. వాటిని వడగట్టి, ఆరబెట్టి, పొడి కొట్టి బిళ్ళలు చేస్తారు. బలానికని జనం కొనుక్కుని మింగుతారు. నాచక్క మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క బిళ్ళయినా నోట వేసుకోలేదు. వండే మనిషికి ఆకలుండదు అంటుంది.

తొట్టి పండిందో లేదో చూడడానికి కంపెనీ మీటరు ఇచ్చింది. ఆమె మాత్రం ఒక తెల్ల పింగాణీ పళ్ళాన్ని కర్రకు కట్టుకుంది. దాన్ని నీళ్ళలోకి దించుతుంది. ఎన్ని అంగుళాల లోతులో పళ్ళెం మాయమైందో చూసి పంట ఎంతో చెప్పేస్తుంది. మీటరు రెండుసార్లు అబద్ధం చెప్పింది, పళ్ళెం ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇది నేనంటున్న మాట కాదు, ఆ మీటరు రిపేరు చేసినవాడు అన్న మాట.

ఇక తోడు సంగతి. ఖాళీ అయిన తొట్టిని బ్లీచింగు వేసి కడిగి, కొత్త నీళ్ళు పెట్టి, బాగా పండిన తొట్టిలోంచి పది బకెట్ల పచ్చనీళ్ళు తెచ్చి పోస్తారు. పాలకు తోడు పెట్టినట్టే. అక్కడి పనివాళ్ళు దాన్ని తోడనే అంటారు. తోడు మంచిదైతే వారంలో కొత్త తొట్టి పండుతుంది.

ఆ రోజు ఐదో తొట్టిని నాచక్కే కడిగింది. నాలుగుసార్లు జాడించింది. తోడు కోసం నాలుగో తొట్టి దగ్గరికి వెళ్ళి చూస్తే అంచు వెంబడి సన్నటి నురుగు కనిపించింది. రంగులో కూడా ఎక్కడో కాస్త తేడా. మేనేజరు దగ్గరికి వెళ్ళి, "సార్, రెండ్రోజులు ఆగుదామండి. నాలుగో తొట్టి నాకెందుకో నచ్చట్లేదు" అంది.

మేనేజరు చెడ్డవాడేం కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం, అంతే. "నురుగుకే భయపడితే సబ్బులు చేసేవాళ్ళంతా ఏమైపోవాలి? సరుకు పంపాలి. తోడు పోసెయ్, సాయంత్రానికి నాలుగో తొట్టి వడగట్టించెయ్" అన్నాడు.

నాచక్క పోసింది. నోరు మూసుకుని పది బకెట్లూ తన చేత్తోనే పోసింది.

నాలుగో రోజుకి ఐదో తొట్టి పసుపు రంగుకు తిరిగింది. ఐదో రోజుకి నాచంతా ఉండలు కట్టి అడుక్కి దిగిపోయింది. పైన చక్రం మాత్రం టీ రంగు నీళ్ళను గిరగిరా తిప్పుతూనే ఉంది. నాలుగో తొట్టి అప్పటికే వడగట్టేశారు కాబట్టి దాన్ని అడగడానికి లేదు. ఇంక మిగిలింది తొట్టి కడిగిన మనిషి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మేనేజరు ఒక టైపు కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. బ్లీచింగు సరిగా కడగకుండా తన నిర్లక్ష్యం వల్ల తొట్టి పాడైందని ఒప్పుకుంటున్నట్టు అందులో రాసి ఉంది.

"ఒక్క సంతకం పడేస్తే హెచ్చరికతో పోతుంది. లేదంటే నెలాఖరు తర్వాత నీ దారి నీది" అన్నాడు.

"బ్లీచింగైతే గంటలో తెల్లబడి చస్తుంది సార్. ఇది నాలుగు రోజులు తీసుకుని పసుపెక్కి చచ్చింది."

"నువ్వేమన్నా సైంటిస్టువా?"

"కాదండీ. చూసేదాన్ని. మీరు వచ్చి మూడేళ్ళు, నేను చూస్తున్నది పద్నాలుగేళ్ళు. ఈ సంతకం నేను పెట్టను."

ఇంటికొచ్చి చెబితే, కుట్టుమిషన్లు బాగుచేసే మొగుడు నూనెడబ్బా పక్కన పెట్టి, "పెట్టేస్తే పోయేదానికి ఎందుకే అంత పంతం? సంతకమే కదా" అన్నాడు. ఆయన భయమూ అబద్ధం కాదు. ఇల్లు సగం నడిచేది ఆమె జీతంతోనే.

అత్తగారు చేటలోంచి తలెత్తింది. "ఒరేయ్, ఇవాళ పెడితే ఇవాల్టికి సరిపోతుంది. రేపు ఇంకో తొట్టి చస్తే? పోయినసారి కూడా ఈవిడేగా అని మళ్ళీ ఈ పిల్ల పేరే రాస్తారు. సంతకం పెట్టిన చెయ్యి ఎప్పటికీ లోకువేరా." ఆ మాటతో మొగుడు మళ్ళీ నూనెడబ్బా అందుకున్నాడు.

నాచక్కకు కోపం వచ్చింది పని పోతుందని కాదు. ఆ 'నిర్లక్ష్యం' అన్న మాటకు ఒళ్ళు మండిపోయింది. ఎండకు చర్మం ఊడినా, వానకు వణికినా పళ్ళెం దించకుండా ఒక్క పొద్దు గడపని మనిషిని పట్టుకుని అనే మాటా అది? ఆ మంటలోనే ఇంకో ముల్లు కూడా ఉంది. నురుగు చూసి కూడా ఎందుకు పోశాను అనేది ఆ ముల్లు. దాని గురించి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కంపెనీ ల్యాబులో ఓ అమ్మాయి కొత్తగా చేరింది. కళ్ళజోడు ముక్కు మీద నిలవదు, మాట నోట్లోంచి పూర్తిగా రాదు. నాచక్క ఐదో తొట్టి నీళ్ళు తీసుకెళ్ళి ఆమె చేత మైక్రోస్కోపు కింద పెట్టించింది. పచ్చగా ఉండాల్సిన గుండ్రాలు సగానికి సగం ఖాళీ డొల్లలు. ఇంకా పచ్చదనం మిగిలిన వాటి అంచుల్ని కామాల్లాంటి చిన్న చిన్న నలుసులు కరుచుకుని ఉన్నాయి.

"అక్కా, ఇవి వీటిని పీల్చేస్తున్నట్టున్నాయి. కానీ... నేను చెబితే ఎవరు వింటారు? యూనివర్సిటీకి పంపుదాం. రెండు మూడు వారాలు పడుతుంది."

"పంపు తల్లీ. ఈలోపు మీ ల్యాబులో సీల్ వేసి దాచిన మంచి నాచు కాస్త ఇవ్వు. ఎనిమిది సీసాలు కూడా."

ఎనిమిది సీసాల్లోనూ మంచి నాచే పోసి క్యాంటీను కిటికీలో రెండు వరసలుగా పెట్టింది. దాచిపెట్టి చేస్తే దొంగ పనంటారు, అందరూ టీ తాగే చోటే పెడతానంది. మొదటి వరస మొదటి సీసాలో చెంచాడు బ్లీచింగు నీళ్ళు కలిపింది. రెండో వరస మొదటి సీసాలో చచ్చిన తొట్టి నీళ్ళు చెంచాడు కలిపింది. ఏ సీసా చస్తే అందులోంచి చెంచాడు తీసి పక్క సీసాలో పోస్తుంది. అంతే ఆట.

"పంచినకొద్దీ తరిగిపోయేది మందు. పంచినకొద్దీ పెరిగేది ప్రాణం. ఏదో చూద్దాం" అంది.

బ్లీచింగు సీసా గంటలో తెల్లబోయింది. అందులోంచి చెంచాడు పోస్తే పక్క సీసాకు ఏమీ కాలేదు, పచ్చగా నవ్వుతూ కూర్చుంది. రెండో వరసలో మొదటి సీసా నాలుగు రోజులకు పసుపెక్కింది. దాని చెంచాడుతో రెండోది ఇంకో నాలుగు రోజులకు. ఆ తర్వాత మూడోది. టీ తాగడానికి వచ్చినవాళ్ళు గ్లాసులు పట్టుకుని కిటికీ దగ్గర మూగేవారు. డ్రయ్యరు దగ్గర పనిచేసేవాడు "ఇవాళ ఎవరి వికెట్టు పడింది?" అని రోజూ అడిగేవాడు. మేనేజరు మాత్రం కిటికీకి వీపు పెట్టి టీ తాగేవాడు.

నాలుగో సీసా కూడా మొదటిదంత త్వరగానే పసుపెక్కిన మధ్యాహ్నం రిపోర్టు వచ్చింది. ల్యాబ్ అమ్మాయి మొదటిసారిగా మాట మింగకుండా చదివింది. పేరు వాంపిరోవిబ్రియో. బ్యాక్టీరియా. నీటిమీద నీలిపచ్చగా తేలే బ్యాక్టీరియా ఉంటుంది చూశారూ, ఎండతో తిండి వండుకుంటూ ఆక్సిజన్ వదలడం లోకంలో మొదట నేర్చింది ఆ వంశమేనట. ఇది దానికి దాయాది. కానీ ఈ శాఖకు ఆ వంట రాదు. పచ్చదనం లేదు, ఎండతో పనిలేదు. వండుకున్నవాళ్ళకు అతుక్కుని పీల్చడమే బతుకు.

"అంటే వంట మర్చిపోయిందా?" అంది నాచక్క.

"మర్చిపోలేదక్కా. వీటికి అసలు ఎప్పుడూ వచ్చి ఉండదని ఎక్కువమంది అనుకుంటున్నారు. ఈ దాయాదులన్నీ దొంగలు కూడా కాదు. కొన్ని మన పేగుల్లో ఉంటాయట, వాటివల్ల మేలే కావచ్చట."

ఆ రాత్రి ఈ సంగతి విన్న అత్తగారు పొట్ట మీద చెయ్యి వేసుకుని, "నా పొట్టలో ఉన్నవి మాత్రం మంచి శాఖేనే, డెబ్బై ఏళ్ళుగా కిమ్మనలేదు" అని తేల్చేసింది.

మర్నాడు కంపెనీ యజమాని వచ్చాడు. తెల్లజుట్టు, తక్కువ మాటలు. మేనేజరు గదిలోకి నాచక్కనూ ల్యాబ్ అమ్మాయినీ పిలిచి రిపోర్టు ముందు పెట్టుకున్నాడు. నీళ్ళలో వెనిగర్‌లో ఉండే యాసిడ్ కలిపి ఓ పావుగంట ఉంచి మళ్ళీ సరిచేస్తే ఈ పురుగు పోతుందని, నాచు తట్టుకుంటుందని ల్యాబ్ అమ్మాయి చెప్పింది. ఆయన సరేనన్నాడు. తర్వాత తొట్ల రిజిస్టరు తెరిచి, "ఐదో తొట్టికి కారణం రాయాలి. ఇది ఎలా వచ్చింది?" అని అడిగాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "గాలికి వచ్చుంటుంది సార్. ఎవరి తప్పూ లేదు. ఆ పాత కాగితం చించేశాను. ఈమె పని ఈమెకి ఉంటుంది."

గదిలో అందరికీ ఊపిరి తేలికపడింది. పని నిలబడింది, నింద పోయింది. ఎవరైనా అయితే దండం పెట్టి బయటికి నడుస్తారు. నాచక్క కదల్లేదు. గాలి అని రాసేస్తే రేపు మళ్ళీ చూడకుండానే తోడు పోయిస్తారు. మళ్ళీ తొట్టి చస్తుంది, మళ్ళీ ఓ కాగితం టైపవుతుంది. ఈసారి దాని ముందు నిలబడేది కొత్తగా వచ్చిన ఏ పిల్లో అవుతుంది.

"గాలికి రాలేదండీ" అంది. "బకెట్లో వచ్చింది. నాలుగో తొట్టి తోడులో."

మేనేజరు ముఖం మాడిపోయింది. "అయిపోయిన దాన్ని ఎందుకమ్మా ఇప్పుడు..."

"నిర్లక్ష్యమని నా పేరు రాసినప్పుడు అయిపోలేదు కదండీ." రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. పచ్చటి గోళ్ళతో పెన్ను పట్టుకుని, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాసింది. రాస్తూ పైకి చదివింది. "నాలుగో తొట్టిలో నురుగు ఉంది. ఆగుదామని చెప్పాను. పొయ్యమన్నది మేనేజరు గారు. అనుమానం ఉండి కూడా పోసింది నేను."

యజమాని తల పైకెత్తి చూశాడు. "నీ తప్పు కూడా రాసుకున్నావే. దానికి సంతకం పెడతావా?"

"చెయ్యనిదానికి చచ్చినా పెట్టనన్నాను గానీ, చేసినదానికి పెట్టనని నేనెప్పుడన్నానండీ?" అడుగున సంతకం పెట్టింది. పెన్ను మేనేజరు ముందు పెట్టి, రిజిస్టరు ఆయన వైపు తోసింది.

ఆయన యజమాని వైపు చూశాడు. యజమాని చూపు రిజిస్టరు మీదే ఉంది. మేనేజరు పెన్ను తీసి, ఆమె సంతకం పక్కన చీమంత సంతకం పెట్టి పుస్తకం మూయబోయాడు. నాచక్క పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"తేదీ కూడా వెయ్యండి సార్. తోడు పోయించిన రోజుది."