పైవాటాకు పంపిన ప్రాణాలు

ఆ ఆటను నేను మొదట చూసింది బస్సులోనే. నేను సిటీ బస్సులో కండక్టర్‌ని. అఫ్జల్‌గంజ్ నుంచి ఫలక్‌నుమా వైపు పోయే రూటు. చేతుల్లోకి పెద్ద ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఒక కాలేజీ అమ్మాయి ఫోన్ మీద వేలితో రంగురంగుల చాక్లెట్ బిళ్లల్ని జరుపుతోంది. ఒకే రంగువి మూడు వరుసగా వస్తే పగిలి మాయమవుతున్నాయి, పైనుంచి కొత్తవి రాలుతున్నాయి. చిన్నపిల్లల ఆట అనుకున్నాను.

కొన్ని నెలలు తిరిగేసరికి బస్సంతా అదే. పత్తర్‌గట్టి బట్టల దుకాణాలకు పనికి పోయేవాళ్లు, ఒళ్లో పూలగంప పెట్టుకున్న ఆమె, బురఖాలో ఉన్న పెద్దామె, అందరి వేళ్లూ కదులుతూనే ఉండేవి. టికెట్ అడిగితే తల ఎత్తకుండా చిల్లర చాచేవాళ్లు. స్టాపు దాటిపోయాక ఉలిక్కిపడి లేచేవాళ్లు.

"అరే, శాలిబండ చలా గయా క్యా?" అని ఒక పెద్దమనిషి నా మీదే అరిచాడు.

"కబ్ కా గయా చాచా" అన్నాను, ఆ స్టాపు ఎప్పుడో దాటింది. నేను గొంతు చించుకుని స్టాపు పేరు చెప్పింది ఆయన చెవిన పడనే లేదు. నాకు కోపం రాలేదు. షిఫ్టు సగమయ్యేసరికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా మిగలదు.

మా ఇల్లు లాల్‌దర్వాజాలో. కింది వాటాలో మేము, పైవాటాలో మా బావగారి కుటుంబం. బావగారి భార్యను, అంటే నా తోడికోడల్ని, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకూ నాకూ మాటలు పోయి అప్పటికే కొన్నేళ్లు. మా అత్త మంచం పట్టి, నా చేతుల మీదే పోయింది. డ్యూటీకి పోయేముందు ఆమె ఒళ్లు తుడిచి, జావ తాగించి పోయేదాన్ని, వచ్చాక మళ్లీ అదే పని. దినాల నాడు చుట్టాలందరూ కూర్చున్నచోట అక్క అంది: "డ్యూటీ డ్యూటీ అని ఉరికింది గని, ముసల్దాని కడుపుల ఇంత ముద్ద వెయ్యలే. ఆకలికే పోయింది ఆమె."

ఎవరూ కాదనలేదు. నేను లేచి గిన్నెలు కడగడానికి పోయాను. ఆ తర్వాత ఆమెతో మాట్లాడలేదు. మెట్ల దగ్గర ఎదురైతే ఒకరం గోడవైపు ఒరిగేవాళ్లం. బోనాలకు ఒకే గుడికి వేరువేరు వేళల్లో పోయేవాళ్లం. మగవాళ్లూ పిల్లలూ మాత్రం మామూలుగానే పైకీ కిందికీ తిరిగేవాళ్లు.

నా ఫోన్‌లో ఆ ఆట వేసింది మా అమ్మాయి. "ఎప్పుడు చూసినా కాళ్లు పట్టుకొని కూసుంటవ్ మమ్మీ. జర ఇది ఆడు, దిమాక్ హల్కా అయితది" అంది.

రెండు ట్రిప్పుల మధ్య డిపోలో టీ తాగుతూ ఆడటం మొదలుపెట్టాను. ఆలోచించే పని లేదు. బిళ్లలు పగులుతుంటే తల ఖాళీ అయ్యేది. ఓడిపోతే ఒక ప్రాణం పోతుంది. ఉన్న ప్రాణాలన్నీ అయిపోతే కాసేపు ఆగాలి, లేదంటే ఆ ఆట ఆడే తెలిసినవాళ్లను ఒక ప్రాణం పంపమని అడగాలి. తెలిసినవాళ్లను అందులో కలిపింది కూడా మా అమ్మాయే. చుట్టాల్లో ఒక్కర్నీ వదల్లేదు.

ఒకరోజు టీ తాగుతుంటే ఫోన్ టింగుమంది. పసుపుచీరలో అక్క ఫొటో. ప్రాణం పంపమని అడుగుతోంది. టీ చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. డ్రైవర్ హారన్ కొట్టాడు. పంపే బటన్ నొక్కేసి బస్సెక్కాను. సాయంత్రానికి అక్క దగ్గర్నుంచి నాకూ ఒక ప్రాణం వచ్చింది.

ఇక అది రోజూ సాగింది. ఆ ఆటలో ఒక దారి ఉంటుంది. గెలిచిన కొద్దీ ఆ దారి వెంట ముందుకు పోతాం. తెలిసినవాళ్లు ఎక్కడిదాకా వచ్చారో అక్కడ వాళ్ల మొహాలు కనబడతాయి. అక్క నాకంటే కొంచెం ముందుండేది. ఒక్కోసారి నేను దాటేదాన్ని, మళ్లీ ఆమె దాటేది. తప్పయిందని నోటితో చెప్పలేక ఇలా చెబుతోందని నాకు నేనే అనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పైన ఆమె నడిచే చప్పుడు వినబడితే పళ్లు బిగించడం మాత్రం మానేశాను.

తర్వాత ఒక ఎండాకాలం అక్క మొహం ఆ దారిలో ఒకేచోట ఆగిపోయింది. అడగడం లేదు, నేను పంపినా జవాబు లేదు. ఆట మీద విసుగొచ్చిందేమో అనుకున్నాను. పైన మిక్సీ చప్పుడు కూడా వినబడకపోయేసరికి మా ఆయన్ని అడిగాను.

"వదినకు కండ్లు మంచిగ లేవట. నువ్వు మాట్లాడవు గదా, నీకేం చెప్పాలె?" అన్నాడు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కాను. తలుపు తీసే ఉంది. అక్క మంచం మీద కూర్చుని గోడవైపు చూస్తోంది.

"ఎవరు?" అంది.

"నేనే అక్కా."

గొంతు వచ్చిన వైపు తిరిగి "కూసో" అంది.

షుగర్ వల్ల ఎడమ కంటి లోపల రక్తం చిమ్మిందట. "నల్ల పరదా ఏసినట్టున్నది. రెండో కన్ను గూడ మసకనే. ఫోన్ చూడొద్దన్నరు" అంది. మళ్లీ దవాఖానకు పోవాలి, బావగారికి దుకాణంలో సెలవు దొరకడం లేదట.

"నువ్వు ప్రాణాలు అడుగుడు బందయ్యేసరికి నాకు ఫికరైంది అక్కా. రోజూ అడిగేదానివి గదా."

"నిన్ను అడిగిన్నా?"

"గదే, చాక్లెట్ల ఆటల."

ఆమె మొహంలో అయోమయం నిజమైనదే. "గది అందరికీ పోతదట గదా! ప్రాణాలు అయిపోంగనే పచ్చది నొక్కుమని మా పోరి చెప్పింది, నొక్కేదాన్ని. ఎవ్వరికి పోతున్నదో నాకేమెరుక? నాకు ఇంగ్లీషు వస్తదా? నువ్వు పంపుతున్నవా నాకు?"

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. చివరి ట్రిప్పులో ఒంట్లోకి దిగే నిస్సత్తువ ఒకటుంటుంది, అది వచ్చింది. ఆ నిస్సత్తువలోనే ఇన్నేళ్లూ అడగనిది అడిగేశాను.

"అత్త ఆకలికి పోయిందని దినాల నాడు అందరి ముంగట ఎందుకన్నవ్ అక్కా?"

"నేనన్ననా?"

"అన్నవ్. కడుపుల ముద్ద వెయ్యలే అన్నవ్."

గుర్తు తెచ్చుకోవాలని ఆమె చాలాసేపు చూసింది. "ఏమో చెల్లె, యాదికి లేదు. ఆనాడు ఇంట్ల మస్తు లొల్లి. ఎవ్వరేమన్నరో. అన్ననేమో. నువ్వు జేసినట్టు నేను జెయ్యలే, గది మాత్రం నాకెరుకే."

నన్ను అన్నేళ్లు నిద్రపోనివ్వని మాట ఆమె దగ్గర లేనే లేదు. ఇంతలో ఆమె "చాయ్ పెట్టు, నాకు పొయ్యి కనబడ్తలేదు" అంది. లేచి పెట్టాను. చక్కెర డబ్బా ఎక్కడుందో అడగాల్సి వచ్చింది. ఒకప్పుడు ఆ వంటింట్లో ఏది ఎక్కడుందో ఆమెకంటే నాకే బాగా తెలిసేది.

నా ఆఫ్ రోజున ఆమెను కంటి దవాఖానకు తీసుకుపోయాను, బస్సులోనే. సీటు ఖాళీగా ఉన్నా అలవాటుకొద్దీ నిలబడితే, "ఇయ్యాల నీకు డ్యూటీ లేదు గదనే, కూసో" అని కొంగు పట్టి లాగింది. కంట్లోకి సూదిమందులనీ, లేజర్ అనీ చాలాసార్లు తిరిగాం. కుడికన్ను నిలబడింది. ఎడమకన్ను పోయింది. ఇక చూపు రాదని డాక్టరమ్మ చెబుతున్నప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది. బయటికొచ్చాక వదిలేసింది.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని చెప్పను. మాట్లాడుకుంటాం, అంతే. ఆమె నోరు ఇప్పటికీ అలాగే ఉంది. నేను పెట్టిన పప్పుచారు నీళ్లలా ఉందని వచ్చినవాళ్ల ముందే అంటుంది. ఆ ఆటను నేను ఫోన్‌లోంచి తీసేశాను. బస్సులో కూడా దాన్ని ఆడేవాళ్లు తగ్గారు. ఇప్పుడందరూ చిన్న చిన్న వీడియోలు చూస్తున్నారు. ఆడవాళ్లకు టికెట్ లేదని సర్కారు అన్నప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఆ రద్దీలో, ఆ ఫోన్ల మోతలో నేను స్టాపుల పేర్లు అరుస్తూనే ఉంటాను.

మొన్న సాయంత్రం పైకి పోయి ఆమె కంట్లో మందుచుక్కలు వేశాను. కళ్లు మూసుకుని అలాగే పడుకుని, "రేపు నీకు ఏ షిఫ్టు?" అంది.

"సెకండ్ షిఫ్టు."

"అయితే పొద్దుగాల మీ నల్లా నీళ్లు గూడ నేనే పట్టిపెడ్త. నువ్వు లేవకు, పండుకో."