తెరమీద స్వామి మాయమైనప్పుడు

మా పాలకొల్లు కాలేజీ ఆఫీసు కంప్యూటరు తెరమీద అన్నవరం సత్యనారాయణస్వామి ఉంటారు. ఆ బొమ్మ పెట్టింది మా టైపిస్టుగారు. పొద్దున్నే స్వామికి దణ్ణం పెట్టుకున్నాకే ఆవిడ కీబోర్డు ముట్టుకుంటారు.

ఆ ఏడు నా ఫిజిక్స్ పేపర్లు రెండుసార్లు పరీక్షకి ముందురోజే వెనకవీధి ట్యూషన్లో ప్రత్యక్షమయ్యాయి, నా తప్పులతో సహా. పేపర్లు కొట్టేది ఆవిడొక్కరే. అంచేత సోమవారం నుంచి రానక్కర్లేదని ప్రిన్సిపాల్‌గారు మర్యాదగా, అండీ తగిలించి మరీ, చెప్పేశారు. పద్నాలుగేళ్ళ ఉద్యోగం.

శనివారం ఆవిడ నాతో వాదించలేదు. పేపరు కొడుతుంటే వెనకున్న స్వామి మాయమైపోయి, కాసేపటికి మళ్ళీ వస్తున్నారని మాత్రం అన్నారు. ఆ మాట ఎప్పట్నించో చెబుతున్నారు. మానిటరు పాతబడిందని నేనూ ఎప్పట్నించో కొట్టిపారేస్తున్నాను. అక్షరాలు వదిలేసి దేవుణ్ణి మాత్రమే మింగే మానిటరు ఉంటుందా అని ఫిజిక్స్ చెప్పే మనిషికి తోచలేదు.

మంగళవారం పరీక్షకి పేపరు ఆ పూటే నేనే కొట్టడానికి కూర్చున్నాను. ఆవిడ పక్కన నిలబడ్డారు. నాలుగో ప్రశ్న దగ్గర స్వామి మాయమయ్యారు. అక్షరాల వెనక తెర నల్లగా మిగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. మన తెరని దూరం నుంచి ఇంకొకరు చూస్తుంటే, బొమ్మ పంపడం బరువని, అలా చూపించే సాఫ్ట్‌వేరు దాన్ని తీసేస్తుంది. చూడ్డం అయ్యాక తిరిగి పెట్టేస్తుంది. ఏం చెయ్యాలో తెలీక నాలుగో ప్రశ్న కిందే కొట్టాను: "ఎవరండీ?"

మౌస్ మీద ఎవరి చెయ్యీ లేదు. తెరమీద బాణం అంగుళం కదిలి ఆగింది. వెంటనే స్వామి వచ్చేశారు.



దొంగని వెతకక్కర్లేకపోయింది. అంతకుముందు ఏడు ప్రింటరు మొరాయిస్తే, దూరం నుంచే బాగుచేస్తానన్న ఒకతన్ని కంప్యూటర్లోకి రానిచ్చింది నేనే. ప్రతిసారీ అడగడం దేనికని, ఎప్పుడైనా రావచ్చని టిక్కు పెట్టిందీ నేనే. ఆ వెనకవీధి ట్యూషను అతని అన్నగారిది. అదీ నాకు తెలుసు.

వెళ్ళి ప్రిన్సిపాల్‌గారికి చెప్పాను. ఆయన చాలాసేపు ఫ్యాను వంక చూశారు. తర్వాత లేచి ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి, సోమవారం రమ్మని చెప్పారు. నన్ను మాత్రం కూర్చోమనలేదు.

బయటికొచ్చాక ఆవిడన్నారు: "స్వామి చెబుతూనే ఉన్నారండి, మాస్టారూ. మీరే వినిపించుకోలేదు."

ఇప్పుడు పేపరు కొట్టేముందు ఆవిడ నెట్ వైరు పీకి, పని అయ్యేదాకా పట్టుకోమని నా చేతికిస్తారు. పట్టుకుని నిలబడుతున్నాను.